జీర్ణాశయంలో అంత ఆమ్లం ఉండగా టైఫాయిడ్ క్రిమి ఎలా బతికి లోపలికి పోతుంది?

ప్రశ్న కోవూరు నుంచి వచ్చింది. అడిగినవారు బీఎస్సీ విద్యార్థి. వారి ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను: "జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుందని, మనం మింగిన క్రిములను అది చంపేస్తుందని చదువుకున్నాము. అలాంటప్పుడు మా తమ్ముడికి టైఫాయిడ్ ఎలా వచ్చింది? పులుపు బాగా తింటే ఇలాంటి జబ్బులు రావని మా నాయనమ్మ అంటుంది, అది నిజమేనా? మా నాన్నగారు నాలుగేళ్లుగా రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు. అందువల్ల ఆయనకు ఏమైనా ప్రమాదం ఉందా?"

నేను మైక్రోబయాలజిస్టును. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆసుపత్రి ప్రయోగశాలల్లో కలిపి ఇరవై ఆరేళ్లుగా రక్తం, మలం, కఫం, చీము నమూనాలలో క్రిములను పెంచి గుర్తించే పని చేస్తున్నాను. ముందు సూటిగా సమాధానం చెప్పి, ఆ తరువాత కారణాలలోకి వెళతాను.

జీర్ణాశయంలోని ఆమ్లం జల్లెడలాగా పనిచేస్తుంది. మింగిన క్రిములలో ఎక్కువ భాగం అక్కడే చనిపోతాయి. ఎన్ని మిగులుతాయన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ఎన్నిటిని మింగాము, దేనితో కలిపి మింగాము, అవి అంతకు ముందు ఎలాంటి చోట పెరిగి వచ్చాయి. మిగిలినవాటికి ఆమ్లాన్ని ఎదుర్కొనే సొంత ఏర్పాట్లు ఉన్నాయి. కొన్ని క్రిములు ప్రోటాన్లను, అంటే ఆమ్లం వదిలే హైడ్రోజన్ అయాన్లను, బయటికి తోడేస్తాయి, కొన్ని వాటిని రసాయనికంగా ఖర్చు చేస్తాయి, కొన్ని తమ చుట్టూ క్షారాన్ని సృష్టించుకుంటాయి. టైఫాయిడ్ క్రిమి వంటివి ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆమ్లం తగలడాన్నే "శరీరంలోకి వచ్చేశాము" అన్న కబురుగా తీసుకుంటాయి.

పులుపు తినడం వల్ల టైఫాయిడ్ రాకుండా ఉండదు. గ్యాస్ మాత్ర వల్ల కడుపులో సోకే జబ్బుల ప్రమాదం కొంత పెరుగుతుంది, అయినా మీ నాన్నగారు ఆ మాత్రను తమంతట తాము మానుకోకూడదు. ఈ రెండింటికీ కారణాలు కింద చెబుతాను.

ముందు ఆమ్లం బలం ఎంతో చూద్దాము. పరగడుపున ఆరోగ్యవంతుని జీర్ణాశయంలో పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం బలం పెరుగుతుంది) సుమారు 1.5 నుంచి 3.5 వరకు ఉంటుంది. పీహెచ్ కొలమానంలో ఒక్కొక్క అంకె పది రెట్ల తేడాను సూచిస్తుంది కాబట్టి, పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే పీహెచ్ 2 ఉన్న జీర్ణరసంలో ప్రోటాన్లు లక్ష రెట్లు ఎక్కువ. అవి క్రిమి కణంలోకి చొరబడితే ప్రోటీన్ల మడతలు విడిపోతాయి, ఎంజైములు పని ఆపేస్తాయి, డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది. పేగులలో బతికే ఈ. కోలై వంటి క్రిమి తన లోపలి పీహెచ్‌ను 7.5 దరిదాపులలో నిలుపుకుంటేనే హాయిగా పెరగగలదు. బయట 2, లోపల 7.5 అంటే ఆ పలుచని కణత్వచం మీద ఎంత ఒత్తిడి ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు.

కానీ ఈ 1.5, 2 అనే అంకెలు పరగడుపు నాటివి. అన్నం తిన్న వెంటనే ఆ ముద్దలు ఆమ్లాన్ని పీల్చుకుని పీహెచ్‌ను 4 నుంచి 6 దాకా పెంచుతాయి. మళ్లీ ఆమ్లం ఊరి కిందికి దిగడానికి గంట, రెండు గంటలు పడుతుంది. పప్పు, నెయ్యి, పాలు, మాంసం వంటివాటిలోని ప్రోటీన్లు, కొవ్వులు క్రిముల చుట్టూ పొరలా ఏర్పడి వాటిని కాపాడతాయి. మరోపక్క పరగడుపున తాగిన మంచినీళ్లు జీర్ణాశయంలో ఎక్కువసేపు నిలవవు. ఇరవై నిమిషాల లోపే సగం నీళ్లు చిన్నపేగులోకి జారిపోతాయి, వాటితోపాటు క్రిములూ జారిపోతాయి. అందువల్ల "ఆమ్లంలో క్రిమి చస్తుందా" అని అడగడంకంటే "ఎంతసేపు, ఎంత పీహెచ్‌లో, ఎన్ని" అని అడగడం సరైన పద్ధతి.

ఈ విషయంలో టైఫాయిడ్ మీద రెండు మానవ ప్రయోగాలున్నాయి. మీ ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సాక్ష్యం నాకు తెలియదు. అమెరికాలోని మేరీల్యాండ్‌లో స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారికి టైఫాయిడ్ క్రిములను కొద్దిపాటి పాలలో కలిపి తాగించి, 1970లో ఫలితాలు ప్రచురించారు. వెయ్యి క్రిములు మింగిన 14 మందిలో ఒక్కరికీ జబ్బు రాలేదు. లక్ష మింగినవారిలో సుమారు 28 శాతం మందికి, కోటి మింగినవారిలో సగం మందికి, వంద కోట్లు మింగినవారిలో 95 శాతం మందికి జబ్బు వచ్చింది. తరువాత 2014లో ఆక్స్‌ఫర్డ్‌లో అదే జాతి క్రిమితో మళ్లీ ప్రయోగం చేశారు. ఈసారి క్రిములకు ముందు వంటసోడా ద్రావణం తాగించి జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తటస్థం చేశారు. అప్పుడు వెయ్యి క్రిములతోనే 20 మందిలో 11 మందికి జబ్బు వచ్చింది. జబ్బు వచ్చిందని దేన్ని లెక్కలోకి తీసుకోవాలన్న నిర్వచనం రెండు ప్రయోగాలలో ఒకటి కాదు కాబట్టి అంకెకు అంకె పోల్చడం తగదు. అయినా జల్లెడను తీసేస్తే ఏమి జరుగుతుందో ఇంతకంటె స్పష్టంగా చూపడం కష్టం.

ఒక్కొక్క క్రిమికి ఈ జల్లెడ ఒక్కొక్క తీరుగా ఉంటుంది. కలరా క్రిమి ఆమ్లానికి చాలా సుకుమారమైనది. ఆరోగ్యవంతుడు జబ్బు పడాలంటే పది కోట్లు, అంతకంటె ఎక్కువ క్రిములు మింగవలసి ఉంటుంది, ఆమ్లం తటస్థమైతే మాత్రం పది లక్షలు, ఒక్కొక్కసారి ఇంకా తక్కువైనా చాలు. 1892లో మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే పెద్దాయన కలరాకు క్రిమి ఒక్కటే కారణం కాదని నిరూపించాలని, సోడాతో తన జీర్ణాశయపు ఆమ్లాన్ని తటస్థం చేసుకుని మరీ కలరా క్రిముల ద్రవాన్ని తాగారు. ఆయనకు స్వల్పంగా విరేచనాలు మాత్రమే అయ్యాయి. ఆయన వాదం తప్పే అయినా, ఆమ్లం ఈ క్రిమికి అడ్డమని ఆయనకు బాగా తెలుసునని ఆ సోడా చెబుతుంది. దీనికి పూర్తిగా భిన్నమైనది రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా. పది నుంచి వంద క్రిములు చాలు. చేతులు కడుక్కోని ఒక్క మనిషి వల్ల ఇంటిల్లిపాదికీ పాకడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ ఏర్పాట్లు ఎలా పనిచేస్తాయో చూద్దాము. పాఠ్యపుస్తకంలోని బొమ్మకంటె మా బల్ల మీద రోజూ కనిపించే ఒక గాజు గొట్టం దీన్ని బాగా చూపిస్తుంది. కొత్తగా చేరిన ప్రతి పీజీ విద్యార్థికీ నేను మొదట ఆ గొట్టాన్నే చూపిస్తాను.

గొట్టంలో ఊదారంగు ద్రవం ఉంటుంది. అందులో కొద్దిగా గ్లూకోజు, లైసిన్ అనే అమినో ఆమ్లం, ఆమ్లం చేరితే పసుపు రంగుకు మారే బ్రోమోక్రెసాల్ పర్పుల్ అనే రంగు ఉంటాయి. రోగి రక్తం నుంచి పెరిగిన క్రిమిని అందులో కలిపి, గాలి తగలకుండా పైన లిక్విడ్ పారఫిన్ పోసి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడతాము. కొన్ని గంటలలో క్రిమి గ్లూకోజును తిని ఆమ్లాన్ని వదులుతుంది, గొట్టం పసుపు రంగుకు తిరుగుతుంది. తొందరపడి అప్పుడే చూసి "నెగెటివ్" అని రాసే విద్యార్థులు ప్రతి ఏడాదీ ఉంటారు. ఆగి చూస్తే, ఆ పసుపు నెమ్మదిగా మసకబారి, మర్నాడు మళ్లీ ఊదారంగు పొందుతుంది. పక్కనే లైసిన్ కలపకుండా పెట్టిన జత గొట్టం మాత్రం పసుపుగానే ఉండిపోతుంది. తాను చేసిన ఆమ్లంలో తానే మునిగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు ఆ క్రిమి లైసిన్‌ను వాడుకుని ఆమ్లాన్ని ఖర్చు చేసిందని ఆ రెండు గొట్టాలూ పక్కపక్కన నిలబడి చెబుతాయి.

లోపల జరిగేది ఇది. లైసిన్ అణువు నుంచి ఒక కార్బన్ డయాక్సైడును ఎంజైము తెంచివేస్తుంది. తెగిన చోట ఒక ప్రోటాన్ వచ్చి కూర్చుంటుంది. అంటే కణంలోకి చొరబడిన ప్రోటాన్లలో ఒకటి అక్కడితో చిక్కుపడిపోయింది. అలా ఏర్పడిన కెడావరిన్ అనే పదార్థాన్ని ఒక ద్వారం బయటికి పంపుతూ, అదే ద్వారం గుండా కొత్త లైసిన్‌ను లోపలికి తెచ్చుకుంటుంది. చేదబావి గిలక మీద ఒక బిందె దిగుతుంటే మరొకటి పైకి వస్తున్నట్లు ఈ రాకపోకలు సాగుతూనే ఉంటాయి. ఈ ఎంజైములు ఆమ్ల పరిసరాలలోనే తయారవుతాయని, పీహెచ్‌ను అదుపులో పెట్టుకోవడానికే ఇవి ఉన్నాయని 1940లలోనే కేంబ్రిడ్జ్‌లో ఎర్నెస్ట్ గేల్ ప్రతిపాదించారు. మేము మాత్రం చాలాకాలం వాటిని క్రిముల పేర్లు పట్టుకోవడానికే వాడుకున్నాము.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ గొట్టం ఊదారంగు పొందకపోతే క్రిమి ఆమ్లానికి బలహీనమని అనుకోకూడదు. షిగెల్లాకు లైసిన్ ఎంజైము లేదు. ఈ. కోలై నుంచి విడిపోయి వచ్చిన ఈ క్రిమి దాన్ని పోగొట్టుకుంది, ఎందుకంటే కెడావరిన్ దాని రోగకారక శక్తికే అడ్డుపడుతుంది. అయినా అది పీహెచ్ 2.5లో గంటల తరబడి బతుకుతుంది, ఎందుకంటే దాని దగ్గర గ్లుటమేట్ అనే మరో అమినో ఆమ్లంతో ఇదే పని చేసే ఏర్పాటు ఉంది. ఈ. కోలైకి గ్లుటమేట్, ఆర్జినిన్, లైసిన్ మూడింటితోనూ ఇలాంటి ఏర్పాట్లున్నాయి, వాటిలో మొదటి రెండూ అతి తీవ్రమైన ఆమ్లంలో కూడా పనికివస్తాయి. గ్లుటమేట్ మన తిండిలో విరివిగా ఉంటుంది. ఆ క్రిమికి కావలసిన కవచాన్ని మన భోజనమే అందిస్తోందన్నమాట. టైఫాయిడ్ క్రిమి కూడా చేరిన సాల్మొనెల్లా జాతికి గ్లుటమేట్ ఏర్పాటు లేదు. షిగెల్లాకు పదుల సంఖ్య చాలినప్పుడు టైఫాయిడ్‌కు వేలు, లక్షలు కావలసి రావడానికి ఇది ఒక కారణం.

ఇంత చేసినా లోపలి పీహెచ్ 7.5 దగ్గర నిలవదు. బయట 2.5 ఉన్నప్పుడు ఈ. కోలై లోపల 4, 5 మధ్యకు దిగిపోతుంది. ఆ స్థితిలో అది పెరగదు, ఊపిరి బిగబట్టి గడుపుతుంది. ఈలోగా దాని లోపలి, బయటి పొరల మధ్య ఉండే ప్రోటీన్లు చెదిరిపోకుండా హెచ్‌డీఈఏ అనే చిన్న ప్రోటీన్ కాపు కాస్తుంది. ఈ ప్రోటీన్ తీరు నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది. మామూలుగా జతగా ముడుచుకుని ఊరికే పడి ఉంటుంది. ఆమ్లం తగిలి మిగతా ప్రోటీన్లు విచ్చిపోయే క్షణంలోనే తానూ విచ్చుకుని, తన జిగట భాగాలతో వాటిని పట్టుకుని, ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టకుండా చూస్తుంది. పీహెచ్ మళ్లీ పెరగగానే వాటిని మెల్లగా వదిలేస్తుంది. మిగతా ప్రోటీన్లను పాడుచేసే అదే ఆమ్లం దీన్ని పనిలోకి దింపుతుంది.

ఇప్పుడు మీ నాయనమ్మగారి మాట దగ్గరికి వద్దాము. పులుపు క్రిములను అణచివేస్తుందన్నది పెద్దల అనుభవం నుంచి వచ్చిన మాట, దాన్ని నేను తేలికగా తీసుకోను. ఆవకాయ ఏడాది నిలవ ఉండడంలో పులుపుకు పెద్ద పాత్ర ఉంది, అయితే అక్కడ పులుపుతో పాటు ఉప్పు కూడా దండిగా ఉంటుంది. పులిబొంగరాలకు పుల్లబెట్టిన పిండి సలసల కాగే నూనెలో ఉడుకుతుంది. నెల్లూరు చేపల పులుసు చింతపండు రసంలో మరిగి మర్నాటికి మరింత రుచి తేలుతుంది. వీటిలో క్రిములను చంపే పనిలో వేడికి, ఉప్పుకు ఉన్న భాగం మనకు కనిపించదు, నాలుకకు తెలిసే పులుపుకే పేరంతా దక్కుతుంది. వేడి, ఉప్పు లేకుండా ఒట్టి పులుపు ఉన్నచోట సంగతి వేరు.

1990లో సాల్మొనెల్లా మీద ప్రచురితమైన ఒక పరిశోధన ఇందుకు కీలకం. క్రిములను నేరుగా పీహెచ్ 3.3లో వేస్తే త్వరగా చనిపోయాయి. అదే ముందు పీహెచ్ 5.8 దగ్గర ఒక్క తరం పెరగనిచ్చి, ఆ తరువాత 3.3లో వేస్తే వంద నుంచి వెయ్యి రెట్లు ఎక్కువగా బతికాయి. లేత పులుపు వాటికి తీవ్రమైన పులుపును తట్టుకునే తర్ఫీదు ఇచ్చింది. 1996లో అమెరికాలో పాశ్చరీకరణ చేయని ఆపిల్ రసం తాగి పలువురు ఈ. కోలై ఓ157 అనే ప్రమాదకరమైన రకంతో జబ్బు పడ్డారు. అంత పుల్లటి రసంలో క్రిమి బతకదన్న నమ్మకం అప్పటిదాకా చాలామందికి ఉండేది. చింతపండు కలిసింది కదా అని పానీపూరీ నీళ్లను నమ్మేవారికి, నిమ్మకాయ పిండాము కదా అని ఐసు ముక్కల షర్బత్తును నమ్మేవారికి నేను ఈ సంగతే చెబుతుంటాను. ఆ నీళ్లు కాచినవా కావా అన్నదే అక్కడ చూసుకోవలసినది.

మీ తమ్ముడికి ఫలానా నీళ్ల వల్లనో తిండి వల్లనో వచ్చిందని ఇంత దూరం నుంచి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. టైఫాయిడ్ లక్షణాలు క్రిమి లోపలికి పోయిన వారం, రెండు వారాల తరువాత గాని బయటపడవు కాబట్టి జ్వరం వచ్చిన నాటి తిండిని తప్పుపట్టడం చాలాసార్లు పొరపాటే అవుతుంది.

ఆమ్లాన్ని దాటిపోయే క్రిములు ఇవైతే, జీర్ణాశయంలోనే కాపురం పెట్టేది హెలికోబ్యాక్టర్ పైలొరి. ఇది కూడా ఆమ్లాన్ని ప్రేమించే జీవి కాదు. జీర్ణరసంలో వదిలేస్తే ఎక్కువసేపు నిలవలేదు. కాబట్టి తోకల సాయంతో ఈదుకుంటూ జీర్ణాశయపు గోడను అంటుకుని ఉండే జిగురు పొరలోకి దూరుతుంది. గోడ పక్కన ఆ పొర దాదాపు తటస్థంగా ఉంటుంది. అక్కడికి చేరేదాకా దాన్ని కాపాడేది యూరియేజ్ అనే ఎంజైము. మన శరీరంలో సహజంగా ఉండే యూరియాను అది అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడుగా విడగొడుతుంది. అమ్మోనియా ప్రోటాన్లను పట్టేస్తుంది. ఇందులోని నేర్పు ఎక్కడుందంటే, యూరియాను లోపలికి రానిచ్చే ద్వారం బయట ఆమ్లం ఉన్నప్పుడే తెరుచుకుంటుంది. ఎప్పుడూ తెరిచి ఉంటే అమ్మోనియా ఎక్కువై, ఆ క్షారానికే క్రిమి చచ్చిపోతుంది.

ఆ ఆమ్లంలో ఏ క్రిమీ స్థిరంగా ఉండలేదని వైద్యలోకం ఎంత గట్టిగా నమ్మిందంటే, 1982లో పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఈ క్రిమిని పెంచడానికి చేసిన తొలి ప్రయత్నాలలో పళ్లాలను రెండు రోజులకే పారేసేవారు. ఈస్టర్ సెలవుల వల్ల ఒక పళ్లెం ఐదారు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోవడంతో క్రిమి మొదటిసారి కంటపడింది. 1984లో మార్షల్ తానే దాన్ని తాగి జీర్ణాశయపు వాపు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఎండోస్కోపీ గదిలో ఈ యూరియేజ్ కంటికి కనిపిస్తుంది. జీర్ణాశయపు గోడ నుంచి మినపబద్దంత కూడా లేని చిన్న ముక్కను తీసి, యూరియా కలిసిన పసుపు జెల్‌లో గుచ్చుతారు. క్రిమి ఉంటే ముక్క చుట్టూ ముందు గులాబీ చాయ తేలి, తరువాత జెల్ అంతా ఎరుపెక్కుతుంది. ఎక్కువ క్రిములుంటే నిమిషాలలోనే మారుతుంది, తక్కువైతే మర్నాటి దాకా ఆగాలి. కొన్నేళ్ల క్రితం పొదిలి వైపు నుంచి వచ్చిన ఒక రైతుకు పుండు స్పష్టంగా కనిపిస్తున్నా జెల్ పసుపుగానే ఉండిపోయింది. విచారిస్తే ఆయన ఆ ఉదయం కూడా పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర వేసుకునే వచ్చారు. "మాత్ర లేకుంటే ముద్ద దిగదు సారూ, ఎట్టా మానుకునేది?" అన్నారు. ఆ మాత్ర ఆమ్లాన్ని తగ్గించినప్పుడు ఈ క్రిమి సంఖ్య, యూరియేజ్ చురుకుదనం రెండూ తగ్గి పరీక్షకు చిక్కకుండా పోవచ్చు. డాక్టరుగారు రెండు వారాలు మాత్ర ఆపించి మళ్లీ పరీక్షించినప్పుడు పావుగంటలో జెల్ ఎరుపెక్కింది. ఆమ్లం ఉంటేనే బాగా బయటపడే క్రిమి ఇది.

ఇంతవరకు చెప్పినది జీర్ణాశయం గురించి. శరీరంలో ఆమ్లం ఎదురయ్యే రెండో చోటు మన రక్షక కణాల లోపల ఉంది, టైఫాయిడ్, క్షయ వంటి జబ్బులకు అసలు రంగస్థలం అదే. మాక్రోఫేజ్ అనే భక్షక కణం క్రిమిని మింగి ఒక సంచిలో బంధించి, ఆ సంచిలోకి ప్రోటాన్లను తోడుతుంది. పీహెచ్ 5, అంతకంటె కిందికి దిగుతుంది. జీర్ణించే ఎంజైములు అక్కడికి వచ్చి చేరతాయి.

సాల్మొనెల్లా ఆ సంచిలో చావకపోగా, పీహెచ్ తగ్గడాన్ని, మెగ్నీషియం కొరతను ఫోక్యూ అనే గ్రాహక ప్రోటీన్‌తో పసిగట్టి, పైపొరను మార్చుకుని, సంచి గోడ గుండా తన ప్రోటీన్లను భక్షక కణంలోకి ఎక్కించే యంత్రాంగాన్ని సిద్ధం చేసుకుంటుంది. అక్కడ అది లైసిన్ ఏర్పాటును తానే అణచుకుని, తన లోపలి పీహెచ్‌ను కావాలనే కొంత దిగనిస్తుందని కూడా పరిశోధనలు చూపాయి. మా గొట్టంలో ఆమ్లంతో పోరాడిన క్రిమే ఇక్కడ ఆమ్లాన్ని గంట మోతలాగా విని పని మొదలుపెడుతుంది. ప్రయోగశాలలో సంచి ఆమ్లీకరణను మందులతో ఆపితే ఈ యంత్రాంగం సరిగా మొదలుకాదు.

క్షయ క్రిమి దారి వేరు. సంచిని పూర్తిగా పక్వం కానివ్వకుండా ఆపి, పీహెచ్‌ను 6.2, 6.4 దగ్గరే నిలబెట్టుకుంటుంది. శరీరపు రోగనిరోధక శక్తి భక్షక కణాన్ని మరింత ఉత్తేజపరిచి పీహెచ్‌ను ఇంకా దించినా, దాని మైనపు గోడ, లోపలి మరమ్మతు ఎంజైములు కాపాడతాయి. కఫ పరీక్షలో "యాసిడ్ ఫాస్ట్" అని రాసి ఉండడం చూసి, ఇది ఆమ్లంలో బతుకుతుందని అర్థమా అని చాలామంది అడుగుతారు. ఆ మాట రంగుకు సంబంధించినది. ఎర్ర రంగు పట్టించిన తరువాత 25 శాతం గంధకామ్లంతో కడిగినా ఆ క్రిమి రంగు వదలదు, అంతే.

అయితే క్షయ క్రిమి జీర్ణాశయపు ఆమ్లాన్ని కూడా కొంతసేపు తట్టుకుంటుంది, దాని మీద ఆధారపడిన పరీక్ష ఒకటి ఉంది. చిన్నపిల్లలు కఫాన్ని ఉమ్మలేరు, రాత్రంతా మింగుతుంటారు. కాబట్టి తెల్లవారి పిల్లవాడు లేవగానే, పాలు పట్టకముందే ముక్కు గొట్టంతో జీర్ణాశయంలోని ద్రవాన్ని తీసి పరీక్షిస్తాము. నాలుగు గంటలలోపు ప్రయోగశాలలో పని మొదలుపెట్టలేకపోతే ఆ ద్రవాన్ని సోడియం బైకార్బొనేట్‌తో తటస్థం చేసి పంపాలి. నా ఉద్యోగం తొలినాళ్లలో కనిగిరి వైపు నుంచి ఒక పాప నమూనా బస్సులో మధ్యాహ్నానికి చేరింది, సోడా కలపలేదు. ఆరు వారాలు ఎదురుచూసినా కల్చర్‌లో ఏమీ పెరగలేదు. సోడా కలిపి పంపమని ముందుగా చెప్పవలసింది మేమే, చెప్పలేదు. మళ్లీ తెప్పించిన నమూనాలో క్షయ క్రిమి పెరిగింది. మధ్యలో పోయిన ఆ ఆరు వారాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఆ తరువాత మా దగ్గర నుంచి వెళ్లే ప్రతి ఖాళీ సీసాతోనూ సోడా పొట్లం పంపుతున్నాము.

ఆమ్లం మనకు తోడ్పడే సందర్భమూ క్షయలోనే ఉంది. మొదటి రెండు నెలలు ఇచ్చే పైరజినమైడ్ అనే మందు మామూలు పీహెచ్‌లో పెరిగే క్షయ క్రిమిని దాదాపు ఏమీ చేయలేదు. ఆమ్ల పరిసరాలలోనే దాని బలం బయటపడుతుంది, అందుకే ప్రయోగశాలలో ఆ మందును పరీక్షించడానికి పీహెచ్ 5.9 ఉన్న ప్రత్యేక ద్రవం వాడతాము. ఇతర మందులకు సరిగా లొంగకుండా, ఆమ్లంలో మందకొడిగా నక్కి ఉన్న క్రిములను అది పట్టుకోవడం వల్లనే తొమ్మిది నెలల చికిత్స ఆరు నెలలకు తగ్గింది.

భక్షక కణాల సంచులలో చేరే మరో రెండు క్రిములను త్వరగా ప్రస్తావిస్తాను. లిస్టీరియా సంచిలో ఉండకుండా, ఆమ్లంలోనే బాగా పనిచేసే విషంతో సంచిని చిల్లు పెట్టి బయటపడుతుంది. క్యూ జ్వరం కలిగించే కాక్సియెల్లా మాత్రం ఆమ్లం లేకపోతే చురుకుగా ఉండలేదు, పీహెచ్ 5కు తక్కువున్న సంచిలోనే వృద్ధి చెందుతుంది. అందువల్ల గుండె కవాటాలకు పాకిన క్యూ జ్వరానికి డాక్సీసైక్లిన్‌తో పాటు, సంచిలోని ఆమ్లాన్ని తగ్గించడానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి నెలల తరబడి ఇస్తారు. క్యూ జ్వరం ఈనిన పశువుల మాయ, ఉమ్మనీటి ద్వారా మనుషులకు సోకుతుంది. గొర్రెలు, పశువులు ఇంతగా ఉన్న మన జిల్లాలలో ఈతల సమయంలో చేతులు పెట్టేవారు దీని పేరైనా తెలుసుకుని ఉండాలి.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది నా నివేదికల విలువకే సంబంధించినది. చీము గడ్డ లోపల కూడా ఆమ్లమే ఉంటుంది, ఆక్సిజన్ ఉండదు. జెంటామైసిన్, అమికాసిన్ వంటి మందుల బలం అక్కడ బాగా తగ్గిపోతుంది. మేము మందులను పరీక్షించే పళ్లెం పీహెచ్ మాత్రం 7.2 నుంచి 7.4. తొడలో లోతైన గడ్డతో వచ్చిన ఒక కూలీ మనిషి నివేదికలో జెంటామైసిన్ పనిచేస్తుందని నేనే రాశాను. ఐదు రోజులు ఇచ్చినా జ్వరం దిగలేదు. గడ్డ కోసి గిన్నెడు చీము తీసిన మర్నాడు దిగింది. నా పళ్లెం అబద్ధం చెప్పలేదు, కానీ అది చెప్పినది ఆ గడ్డ లోపలి సంగతి కాదు.

ఇక మీ నాన్నగారి మాత్ర. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి రోజులో చాలా భాగం జీర్ణాశయపు పీహెచ్‌ను 4కు పైన ఉంచుతాయి. ఇవి వాడేవారిలో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ వంటి పేగు వ్యాధులు ఎక్కువగా కనిపిస్తాయని అనేక అధ్యయనాలు చూపాయి. పైన చెప్పిన ఆక్స్‌ఫర్డ్ ప్రయోగం చదివినవారికి ఇది వింతగా తోచదు. నా అనుభవంలోనూ ఒకే పెళ్లి భోజనం తిన్న కుటుంబంలో అందరికీ ఒకటి, రెండు రోజుల విరేచనాలతో పోగా, ఏళ్ల తరబడి ఈ మాత్ర వాడుతున్న పెద్దావిడ రక్తంలో సాల్మొనెల్లా పెరిగిన సందర్భం ఉంది. ఆమె వయసు, మధుమేహం కూడా కారణాలై ఉంటాయి, కాబట్టి తప్పంతా మాత్ర మీద వేయను.

అయినా మాత్రను హఠాత్తుగా మానడం సరికాదు. పుండు ఉన్నవారికి, గుండె జబ్బుకు ఆస్పిరిన్ వంటివి వాడేవారికి ఆ మాత్ర రక్తస్రావాన్ని ఆపుతుంది. హఠాత్తుగా ఆపితే ఆమ్లం ముందుకంటె ఎక్కువగా ఊరి మంట పెరగవచ్చు. మీ నాన్నగారు డాక్టరును అడగవలసినవి ఇవి: నాలుగేళ్ల క్రితం ఏ కారణంతో మొదలుపెట్టారు, ఆ కారణం ఇప్పటికీ ఉందా, మోతాదు తగ్గించవచ్చా, హెలికోబ్యాక్టర్ పరీక్ష ఎప్పుడైనా జరిగిందా. వాడుతున్నన్నాళ్లు ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లే తాగాలి, బయట కోసి ఉంచిన పండ్లు, ఐసు వేసిన పానీయాలు మానాలి. తమ్ముడికి జ్వరం తగ్గినా కొంతకాలం మలంలో క్రిములు పోతుంటాయి కాబట్టి, అతను చేతులు సబ్బుతో కడుక్కోవడం మీ నాన్నగారికి మరీ ముఖ్యం.

హెలికోబ్యాక్టర్ పరీక్ష చేయించాలని డాక్టరు నిర్ణయిస్తే, పొదిలి రైతు విషయంలో జరిగినట్లు కాకుండా, పరీక్షకు రెండు వారాల ముందు నుంచి ఈ మాత్రను, నాలుగు వారాల ముందు నుంచి యాంటీబయాటిక్‌లను ఆపాలా అని ముందే అడిగి తెలుసుకోండి. ఆ రెండు వారాలలో మంట వస్తే ఏ ద్రవరూప మందు తాగవచ్చో కూడా అప్పుడే చీటీ మీద రాయించుకోండి.